మండ్రగబ్బకు కట్టిన ఇల్లు

మా వీధిలో అనుకుంటున్నట్టు మూడో అంతస్తులో యాభై తేళ్లు లేవు. ఉన్నది ఒకే ఒక్కటి. దాని విషాన్ని సీసాల్లో పట్టి ఎవరికీ అమ్మడం లేదు. మా ఓనరమ్మ చెప్పుల్లో వదలడానికి పెంచడమూ లేదు. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దానికి మొదటి ముక్క అందించింది నేనే. "ఆ పిల్ల ఐదు డబ్బా మూతలకు కన్నాలు పొడుస్తోంది" అన్నాను, అంతే. ఆ మాట లిఫ్టు దగ్గరికి చేరేసరికి ఐదు డబ్బాల తేళ్లయింది, కూరగాయల బండి దగ్గరికి చేరేసరికి యాభై తేళ్లయింది. గోరంతను కొండంత చేయడం మా మెట్ల మీద వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. నేను జారవిడిచిన ముక్క కాబట్టి నేనే ఏరుకోవాలి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ పిల్లను అందరం ఫ్రేముల పిల్ల అంటాం. ముప్పై నాలుగేళ్లొచ్చినా పిల్లే. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న కొట్లో స్టూలెక్కి అద్దాలు తుడవడం మొదలుపెట్టింది, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. నాన్న పోయాక కొట్టు తనదే. మందుల షాపుకు, పంపుల రిపేరు కొట్టుకు మధ్య ఉంటుంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి పక్కకు తిరిగి నడవాలి. గోడ నిండా చెక్క పట్టీలు నిలబెట్టి ఉంటాయి. పెన్సిలు ఎప్పుడూ జడలో ఉంటుంది, వేళ్లకు ఒకటో రెండో ప్లాస్టర్లుంటాయి. పట్టీల మూలలు కోసి రెండు ముక్కలు కలిపిందంటే అతుకు మీద గోరు గీసినా తెలియదు. అద్దం మీద ఊది, పాత పేపరుతో తుడిచి, వెలుగుకెత్తి చూస్తుంది. వేలిముద్ర కనిపించిందా, మళ్లీ మొదటికే. చివరికి వెనక అట్ట పెట్టి, చుట్టూ గోధుమరంగు కాగితం టేపు అంటించి, బొటనవేలితో నొక్కుకుంటూ వస్తుంది. "చీమ దూరిందంటే అది ఫ్రేము కాదు, పుట్ట" అనేవాడు వాళ్ల నాన్న. ఆ ఒక్క మాట మీదే ఆ పిల్ల పాతికేళ్లు బతికింది. ఆ మాటే ఒకసారి కొంప ముంచబోయింది.

మాట తక్కువ మనిషి. గిరాకీలు మాత్రం ప్రశ్నలతో నంజుకు తింటారు. "సాయంత్రానికి అయిపోతుందా?" "ఈ రంగు మా గోడకు నప్పుతుందా?" "ఇంకా ఒంటిగానే ఉన్నావా అమ్మాయ్?" అన్నిటికీ ఒకటే జవాబు, "ఊ."

ఇలాంటి కొట్టుకు ఒకరోజు బడి సైన్సు మాస్టారు దూదిలో చుట్టిన చచ్చిన తేలును తెచ్చాడు. పెద్దది, నల్లది, మన పెద్దవాళ్లు మండ్రగబ్బ అంటారే, ఆ రకం. పిల్లలకు చూపించడానికి అద్దాల పెట్టెలో బిగించమన్నాడు. ఆ రాత్రి దాన్ని ఆ పిల్ల ఇంటికి పట్టుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ, అంటే మా వదిన, మెట్లు దిగి నా దగ్గరికొచ్చింది.

"వదినా, మా పిల్ల వాలకం బాగాలేదు. చచ్చిన తేలును భూతద్దం పెట్టి చూస్తోంది. దానితో మాట్లాడుతోంది కూడా."

అలాంటి మాట చెవిన పడ్డాక నేను కింద కూర్చోగలనా? మోకాళ్ల నొప్పి ఆ రోజుకు సెలవు పెట్టింది. పైకెళ్లేసరికి ఫ్రేముల పిల్ల నన్ను చెయ్యి పట్టుకుని లాగింది.

"అత్తా, ఇలా రా. దీని కడుపు కింద చూడు, దువ్వెనలు!"

చూశాను. నిజమే, ఆఖరి కాళ్ల వెనక రెండు బుల్లి దువ్వెనలు, పళ్లతో సహా.

"తల మీద వెంట్రుక లేదు, దీనికి దువ్వెనెందుకే?"

"నేలను తడుముకుంటూ నడవడానికట. మాస్టారు చెప్పారు. ఎలా తడుముతుందో చూడాలని ఉందత్తా. బతికున్నదాన్ని చూడాలి."

ఒక్క గుక్కలో అన్ని మాటలు ఆ పిల్ల నోట నేనెప్పుడూ వినలేదు. కళ్లు మతాబుల్లా ఉన్నాయి. వెనక నుంచి మా వదిన నుదురు కొట్టుకుంది. "మొగుణ్ణి చూసుకోవే అంటే తేలును చూసుకుంటానంటోంది!"

బస్టాండు వెనక చేపల తొట్లు అమ్మే కొట్టుంది. ఆ చేపలాయన వెనక గదిలో తాబేళ్లు, సాలీళ్లు, తేళ్లు కూడా ఉంచుతాడు. వాటికి పుట్టిన పిల్లల్ని పెంచి అమ్ముతాడట. ఫ్రేముల పిల్ల రెండు ఆదివారాలు వెళ్లి ఊరికే చూసొచ్చింది. మూడో ఆదివారం నేనూ తయారయ్యాను. సంచి పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా.

అక్కడ మూడు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో చిన్న గోధుమరంగుది, ఒకదాంట్లో నల్ల మండ్రగబ్బ. మూడోదాంట్లో ఉన్నది మాత్రం మేలిమి బంగారం రంగు, సన్నగా, నాజూగ్గా, మెరుస్తూ ఉంది. పాతికేళ్లు బంగారు పూత పట్టీలు కోసిన కన్ను ఇంకెక్కడ ఆగుతుంది?

"ఇది" అంది ఫ్రేముల పిల్ల.

చేపలాయన తడిచెయ్యి తుడుచుకుని ఆ డబ్బా మూత మీద పెట్టాడు. "మొదటిదా అమ్మా?"

"ఊ."

"అయితే ఇది కాదు."

"డబ్బులిస్తున్నాగా."

"డబ్బు నీదే తల్లీ, కాదనను. చెయ్యి కూడా నీదేగా?" అని ఆయన వంగి, వేలుతో అద్దం మీద చూపించాడు. "ముందు డెక్కలు చూడు, గడ్డిపరకల్లా ఉన్నాయి. తోక చూడు, ఎంత లావుందో. డెక్కల్లో బలం లేనిది కొండినే నమ్ముకుంటుంది. ఇది కుడితే ఆసుపత్రే. ఇప్పుడు ఈ నల్లదాన్ని చూడు. పీతకున్నట్టు డెక్కలు, తోక సన్నం. పట్టి నలిపే రకం, కొండితో దీనికి పని తక్కువ. ఇదీ కుడుతుంది, మంట పుడుతుంది, కొందరి ఒంటికి అదీ పడదు. అందుకని దేన్నీ చేత్తో పట్టుకోవద్దు. కానీ కొత్తవాళ్లు మొదలుపెట్టాలంటే దీనితోనే."

నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. మనిషిని గుర్తుపడుతుందా, ఆడదా మగదా, ఎన్నేళ్లు బతుకుతుంది, ఏం తింటుంది, తిన్నాక ఏం చేస్తుంది? చేపలాయన నా వంక ఒకసారి, ఆ పిల్ల వంక ఒకసారి చూశాడు.

"ఈవిడ పోలీసు డిపార్టుమెంటా?"

"మా అత్త" అంది ఫ్రేముల పిల్ల, నవ్వాపుకుంటూ.

పాపం, అన్నిటికీ చెప్పాడు. ఆడదే. బాగా చూసుకుంటే ఆరేడేళ్లుంటుంది. వారానికి ఒకటో రెండో కీచురాళ్లు చాలు. ఎవర్నీ గుర్తుపట్టదు. తరవాత కుంచెతో దాని వీపు మీద చిన్నగా తాకాడు. అది గిర్రున తిరిగి రెండు డెక్కలూ ఎత్తి నిలబడింది! నేను రెండడుగులు వెనక్కి, ఆ పిల్ల రెండడుగులు ముందుకు.

"చూశావా, చురుకైంది. ముట్టుకున్నా కదలనిదాన్ని ఎప్పుడూ తీసుకోవద్దు. సరే, ఇల్లు సిద్ధంగా ఉందా?"

ఫ్రేముల పిల్ల సంచిలోంచి టేపు తీసి తేలుకు అడ్డంగా, నిలువుగా కొలతలు తీసుకుంది, పెళ్లికి రవిక కుట్టేటట్టు. "అద్దాల పెట్టేగా. అది నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

"ముందు ఇల్లు, తరవాత తేలు. అందులో ఏం వేయాలంటే..." అని ఆయన మొదలుపెట్టాడు. వింటేనా! అప్పటికే మనసులో చెక్క కోసేస్తోంది.

ఆ వారమంతా కొట్టు మూసేదాకా పని, మూశాక ఆ పెట్టె. పూర్తయ్యాక చూడాలి, రాజుగారి పటం పెట్టుకోవచ్చు. నిలువుగా రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, చుట్టూ బంగారు పూత పట్టీ. పైన చిన్న దీపం. కింద రెండు వేళ్ల మందం మట్టి, దాని మీద తెల్ల గులకరాళ్లు. చుట్టూ చీమ దూరకుండా టేపు. మూతకు మెత్తటి గుడ్డ అంచు. నాలుగో ఆదివారం మండ్రగబ్బను తెచ్చి అందులో దించితే మా అంతస్తులన్నీ ఖాళీ అయి మూడో అంతస్తులో చేరాయి. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు.

మర్నాటికి అద్దం కింద నుంచి ఆవిరి పట్టింది. తేలు మూలన అతుకు పట్టుకుని పైకెక్కుతుంది, సగం దాకా వచ్చి వెల్లకిలా పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది.

"నన్ను చూడటానికే అత్తా" అంది ఫ్రేముల పిల్ల మురిసిపోతూ. నేనూ నమ్మాను, ఎందుకు అబద్ధం.

మూడోరోజు పొద్దున అది గులకరాళ్ల మీద కాళ్లు చాపి పడుంది. అద్దం మీద కొట్టినా కదల్లేదు. ఫ్రేముల పిల్ల పెట్టెను దుప్పటిలో చుట్టి గుండెకు హత్తుకుని పరుగు, వెనక నేను ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి మా వదిన చెప్పు. బస్సులో ఎవరో "పసిబిడ్డకు ఒంట్లో బాలేదా?" అని లేచి చోటిచ్చారు.

చేపలాయన టేపు చీల్చి మూత తీశాడు. పాత బావి వాసన కొట్టింది. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పనితనం చాలా బాగుందమ్మా. కానీ నువ్వు ఇల్లు కట్టలేదు, ఫోటో కట్టావు."

ఆయన మూత చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

"గాలేదీ? నెత్తి మీద దీపం పెట్టావు, చీకటేదీ? ఇంత ఎత్తెందుకు, అదేమన్నా కొబ్బరికాయలు దింపుతుందా? పైనుంచి పడితే పొట్ట పగులుతుంది. పైకెక్కింది నీ ముఖం చూడటానికి కాదు, బయటపడటానికి. దానికి గోడ వద్దు, నేల కావాలి."

ఆ పిల్ల తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నాన్న చెప్పిన మాట ప్రకారం చీమ దూరకుండా కట్టింది కదా. చీమ దూరని చోట గాలి కూడా దూరదని పాతికేళ్లలో ఆ పిల్లకు తట్టే అవసరం రాలేదు. ఫోటోల్లో వాళ్లకు ఊపిరి అక్కర్లేదు మరి.

చేపలాయన తేలును పొడుగు పట్టకారుతో ఎత్తి, తడి కొబ్బరి పీచు పొడి వేసిన కన్నాల డబ్బాలో పెట్టి, మీద గుడ్డ కప్పాడు. ముగ్గురం ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ఆయన గుడ్డ అంచు ఎత్తాడు. ఒక డెక్క లేచింది. తరవాత రెండోది.

"బతికిందే!" అని నేను అరిచిన అరుపుకు తొట్లలో చేపలన్నీ ఒక మూలకు పారిపోయాయి.

ఈసారి ఫ్రేముల పిల్ల కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుని, చేపలాయన చెప్పిందంతా రాసుకుంది. తేలును ఆ డబ్బాలోనే ఇంటికి తెచ్చి, మొదట చేసిన పని కన్నాలు. గాలి ఆడాలి, కీచురాయి బయటకు రాకూడదు, తేలు కొండి ఇరుక్కోకూడదు. ఎంత కన్నమైతే సరి? ఐదు డబ్బా మూతలు తీసుకుని ఐదు రకాల సూదులతో పొడిచి చూసింది. నేను చూసింది అదే. నేను కింద చెప్పింది అదే. ఆ తరవాత సంగతి మీకు తెలుసు.

యాభై తేళ్లు ఓనరమ్మ చెవికి చేరాయి. ఓనరమ్మ మంచిదే గానీ మాట కత్తెర. మూడు అంతస్తులూ ఎక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. నేను పెత్తనం కాదు, ఏకంగా ఇల్లే ఇచ్చాను!"

"ఒకటేనండీ" అంది మా వదిన.

"ఒకటో, యాభయ్యో నా కళ్లతో చూస్తాను. ఆదివారం నాలుగింటికొస్తా. సందు కనిపించినా, ఒకటి కంటే ఎక్కువ కనిపించినా, ఒకటి కంటే తక్కువ కనిపించినా అది వెళ్లాలి. లేకపోతే మీరు వెళ్లాలి."

ఐదు రోజుల గడువుంది. ఆ ఐదు రోజులూ నేను రోజుకు మూడుసార్లు పైకెళ్లాను. ఈసారి పెట్టె పొట్టిది, పొడుగు రెండు మూరలు, ఎత్తు ఒక జాన. అద్దమంతా లోపల, తడికి ఉబ్బకుండా చెక్కంతా బయట. మూతకు సన్నటి స్టీలు జల్లెడ, దానికి మూలలు కోసి కలిపిన చట్రం, అతుకు గోటికి తగలదు. ఫ్రేముల వెనక అట్ట జారకుండా తిప్పే చిన్న ఇత్తడి బిళ్లలుంటాయే, అవి చుట్టూ ఎనిమిది. ఒక బుల్లి తాళం. లోపల అరచేయంత లోతు కొబ్బరి పీచు పొడి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. దాన్ని నాతోనూ పిసికించింది. ఒక వంపు తిరిగిన చెట్టు బెరడు సగం పాతింది. సీసా మూతంత గిన్నెలో నీళ్లు, మునగకుండా అందులో ఒక రాయి. కిటికీకి దూరంగా, గది మూలన పెట్టింది. దీపం లేదు.

తేలును వదిలింది. అది అడుగులో అడుగేసుకుంటూ, కడుపు కింద దువ్వెనలతో నేలంతా తడుముకుంటూ నడిచిందని ఫ్రేముల పిల్ల నాకు చెప్పింది. తరవాత బెరడు కిందకు దూరి, తవ్వుకుని, మాయమైపోయింది. నేను అప్పుడు కింద పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. నా ఖర్మ.

"ఇంత కట్టావు, ఏమీ కనిపించదేమిటే?" అంది మా వదిన.

"కనిపించకుండా ఉండటానికేనమ్మా కట్టింది" అంది ఫ్రేముల పిల్ల. చూపించడానికే పుట్టిన చేతులు దాచడానికి ఇంత అందంగా కట్టడం నేను మొదటిసారి చూశాను.

గురువారం అది బయటికి రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం వేసిన కీచురాయి మాత్రం తెల్లారేసరికి లేదు. కాబట్టి బతికే ఉంది. కానీ ఓనరమ్మకు కీచురాయి లేకపోవడం చూపిస్తే ఒప్పుకుంటుందా? ఒకటి కంటే తక్కువ అంటే సున్నా. సున్నా అంటే తప్పించుకుందనే అర్థం.

"చెంచాతో తవ్వి చూపించవే, పోయేదేముంది" అన్నాను.

"తవ్వను."

"ఇల్లు ఖాళీ చేయాల్సొస్తుందే!"

"ఒకసారి దాని ఇల్లు నేనే పాడుచేశా. మళ్లీ చేయనత్తా" అంది. 

ఆదివారం నాలుగు గంటలకు ఓనరమ్మ వచ్చింది. తాళం లాగింది. ఇత్తడి బిళ్లలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తల్లోంచి పిన్ను తీసి జల్లెడలో గుచ్చబోయింది, దూరలేదు. చట్రం అతుకు మీద గోరు గీసి, "ఊఁ" అంది, మెచ్చుకున్నట్టు. అంతలోనే సర్దుకుంది.

"తేలేదీ?"

"బెరడు కింద ఉందండి. తవ్వితే భయపడుతుంది. మీరు కాసేపు కూర్చుంటే..."

ఫ్రేముల పిల్ల కిటికీలకు దుప్పట్లు కట్టింది. బహుమతులు చుట్టే ఎర్ర కాగితం టార్చికి తొడిగింది. ఎర్ర వెలుగు దాన్ని అంతగా బెదిరించదట. నలుగురం నేల మీద కూర్చున్నాం. బెరడు అంచున నల్లగా ఏదో మెదిలింది.

"అదేనా?" అన్నాను.

వెనక్కి పోయింది.

మళ్లీ కూర్చున్నాం. పొడి కొంచెం కదిలింది.

"కింద నుంచి తవ్వుతోందంటావా?" అన్నాను, చాలా మెల్లగా.

మళ్లీ పోయింది. ఓనరమ్మ గడియారం చూసుకుంది. ఫ్రేముల పిల్ల నా భుజం మీద చెయ్యేసి చెవిలో అంది, "అత్తా, నీ మాటకు కాదు గానీ, మాట్లాడినప్పుడల్లా నీ కాలు ఆడుతోంది. నేల అదిరితే దానికి తెలుస్తుంది. కొంచెం వరండాలో కూర్చుంటావా?"

వెళ్లాను. వరండాలో చెప్పుల స్టాండు పక్కన కూర్చున్నాను. కాళ్లు రెండూ చేతులతో పట్టుకున్నాను. లోపల చీమ చిటుక్కుమనడం లేదు. పది నిమిషాలు, పావుగంట. ఇల్లు పోతుందా, తేలు పోతుందా అని చెప్పుల స్టాండును అడుగుతున్నాను, లోలోపలే. అప్పుడు ఓనరమ్మ గొంతు, చిన్నపిల్ల గొంతులా:

"అమ్మో అమ్మో, ఎంతుందే! చూడు, చూడు, నీళ్లు తాగుతోంది! ఆ మూతి దగ్గర ఏమిటి, చేతులా?"

నేను లేచేసరికి తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ చెప్పులు వేసుకుంటూ, "ఒకటే. లెక్క సరిపోయింది" అని గంభీరంగా అని, రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "వచ్చే ఆదివారం మా చెల్లెల్ని తీసుకొస్తా. ఈ టైముకే వస్తుందా అది?"

మా వదిన కళ్లు తుడుచుకుంటూ టీ పెట్టడానికి వెళ్లింది. నేను లోపలికి పరిగెత్తాను. తేలు లేదు. బెరడు ఉంది, నీటి గిన్నె అంచున తడి ఉంది. ఫ్రేముల పిల్ల నేల మీదే కూర్చుని, తాళంచెవిని మెళ్లో గొలుసుకు తగిలించుకుంటోంది. ముఖం చూస్తే బడికి ఫస్టొచ్చిన పిల్లలా ఉంది.

ఇన్నాళ్లూ తేలేం తింటుంది, ఎన్నాళ్లుంటుంది, ఆడా మగా అని ఊరంతా అడిగాను గానీ, అసలు సంగతి ఆ పిల్లనే అడగలేదని అప్పుడు తట్టింది. పక్కన చతికిలబడ్డాను.

"నిజం చెప్పవే. చిలకలున్నాయి, కుందేళ్లున్నాయి, పిలిస్తే తోకూపుకుంటూ వచ్చే కుక్కపిల్లలున్నాయి. పోయి పోయి ఈ తేలే ఎందుకు?"

ఫ్రేముల పిల్ల నా వైపు తిరిగి నవ్వింది.

"అందరూ వచ్చి నన్ను ఏదో ఒకటి అడుగుతారత్తా. ఇదొక్కటే ఏమీ అడగదు. రేపు వచ్చినప్పుడు నువ్వు కూడా ఏమీ అడక్కుండా కాసేపు కూర్చో, బయటికొస్తుంది."